రద్దయ్యే దాకా

జూన్ 3, మంగళవారం

కిటికీలోంచి చూస్తే ఒక్క మబ్బు లేదు. కానీ వాతావరణ కేంద్రం నుంచి హెచ్చరిక వచ్చింది. కొండల మీద ఉరుముల మేఘాలు, తీవ్రమైన కుదుపులు. అలాంటివి గాల్లో ఉన్న పైలట్లకు రేడియోలో చదవడమే నా ఉద్యోగం. కేంద్రం రద్దు చేసే దాకా గంటగంటకూ చదవాలి. చదివాను. టూరిస్టుల్ని కొండల మీదుగా తిప్పే పైలట్ మా మరిది తన చిన్న విమానాన్ని సగం దారిలో వెనక్కి తిప్పాడు. అందులోని టూరిస్టులు మా విమానాశ్రయం మేనేజర్ గారి మీద విరుచుకుపడ్డారట.

జూన్ 4

మేనేజర్ గారు గదిలోకి వచ్చారు. ఆకాశం అద్దంలా ఉంటే జనాన్ని హడలగొడతారేంటమ్మా, ఇకనుంచి నన్నడిగి చదవండి అన్నారు. అడగాల్సింది మిమ్మల్ని కాదండీ, కేంద్రాన్ని అన్నాను. నా మాట నాకే వినబడలేదు. ఆయనకు మాత్రం వినబడింది. సోమవారం నుంచి స్టోర్స్‌లో కూర్చోండి అన్నారు.

భోజనాల దగ్గర మరిది మొదలుపెట్టాడు. వదినా, నీ గొంతు వింటే ఉరుము కూడా జోగుతుంది, దానికి జడిసి వెనక్కొచ్చానని అందరూ నవ్వుతున్నారు అన్నాడు. మా ఆయన నవ్వాపుకున్నారు. మరిదికి ఇంకో గరిటె కూర వేసి, మళ్ళీ వస్తే మళ్ళీ చదువుతాను, నువ్వు మళ్ళీ వెనక్కి రా అన్నాను.

జూన్ 5

దేవుడా, నా గొంతు పెంచకపోయినా పర్వాలేదు. వెన్ను మాత్రం వంచకు.

జూన్ 6, శుక్రవారం

మళ్ళీ హెచ్చరిక. మరిది అప్పటికే గాల్లో ఉన్నాడు. మేనేజర్ గారు వచ్చి మైక్ మీద చెయ్యి పెట్టారు. పరాయి మగాడి చెయ్యి ముట్టుకోవడం నాకు పుట్టాక ఇదే మొదలు. ఒక్కో వేలూ ఎత్తి పక్కకు పెట్టాను. ఆయన అరుస్తూనే ఉన్నారు. నేను చదువుతూనే ఉన్నాను.

మరిది వెనక్కి తిరిగాడు. కొండ మీద వాన పడిందో లేదో ఎవరూ చూడలేదు. నాకూ చూడాలని లేదు. హెచ్చరిక రద్దు కాలేదు, అంతే.

ఇంటికొచ్చాక మరిది జోకులు వెయ్యలేదు. మేనేజర్ గారి అరుపులు రేడియోలో వినబడ్డాయి వదినా, నీ గొంతు మాత్రం వణకలేదు అన్నాడు.

జూన్ 9, సోమవారం

స్టోర్స్‌లో నట్లూ బోల్టులూ ఏరుతున్నాను. మేనేజర్ గారే వచ్చారు. మీ మరిది రన్‌వే మీద మొండికేశాడు, వాతావరణం మా వదిన చెబితేగానీ చక్రం కదలదంటున్నాడు, రండి అన్నారు.

ముందు మిమ్మల్ని అడగాలా అన్నాను.

అక్కర్లేదన్నారు.

వెళ్ళి కూర్చున్నాను. ఇవాళ ఏ హెచ్చరికా లేదు. అదే చదివాను.