కొలతలు పంపని చొక్కా

అమ్మకి,

నేనిక్కడ కులాసా. నీ మోకాలూ, నీ కుట్టుమిషనూ మొరాయించకుండా నడుస్తున్నాయని తలుస్తాను.

నువ్వు అడిగినవి: నీళ్లు మేడపైదాకా వస్తున్నాయి. పొద్దున తినే వెళ్తున్నాను. కళ్లద్దాలు మార్చాను. ఇక, "ఆ అబ్బాయి కొలతలు పంపు, చొక్కాగుడ్డ తెచ్చిపెట్టాను" అన్నావు. దానికి జవాబు రాయలేకే నాలుగు రోజులుగా కాగితాలు చింపుతున్నాను.

చెల్లీ, కొట్లో ఎవరైనా కూర్చుని ఉంటే ఇక్కడ ఆపెయ్. వాళ్లు వెళ్లాక మిగతాది అమ్మకి చదివి వినిపించు.

మా ప్రెస్సుకి ఒక కౌన్సెలింగ్ సెంటరు వాళ్ల చిన్న పుస్తకం వచ్చింది. అందులో ఏరోమాంటిక్ అనే మాట ఉంది. ఒకరి మీద మనసు పడటమన్నది కొందరికి ఎప్పుడూ జరగదట. కొందరికి అరుదుగా, కొందరికి బాగా దగ్గరైన మనిషి మీదే. ఒక్కొక్కరికీ వేరే పేరుంది. అనువాదకుడు "ప్రేమ లేనివారు" అని రాశాడు. టైపు చేస్తూ ఆ మాట తీసేశాను. ప్రూఫులు దిద్దే అక్క పట్టేసింది.

"ఏమ్మా, బాగానే ఉందిగా?"

"మా అమ్మంటే నాకు ప్రాణం అక్కా. నేను ప్రేమ లేనిదాన్నా?"

అన్నాక గానీ తెలియలేదు, ఏమన్నానో. "అయితే నువ్వే రాయి తల్లీ" అంటూ అక్క పెన్ను చేతికిచ్చింది. "ప్రణయాకర్షణ కలగనివారు" అని రాశాను. అదీ సర్కారు నోటీసులా ఉంది. అంతకన్నా మంచిది ఇంకా దొరకలేదు.

అమ్మా, అబ్బాయి లేడు. "మనసులో ఎవరైనా ఉన్నారా?" అని అంతకుముందు ఉత్తరంలో అడిగావు. లేరంటే ఆ వారమే సంబంధం చూస్తావు. అసలు సంగతి రాస్తే కొట్టు నిండా వింటారు. అందుకే ఉన్నాడని రాసేశాను. నువ్వు గుడ్డ కొంటావనుకోలేదు. కాలేజీలో పిల్లలు ఎవరి గురించో చెప్పుకుని సిగ్గుపడుతుంటే, వాళ్లని చూసి నేనూ సిగ్గుపడేదాన్ని. లోపల ఏమీ కదిలేది కాదు. చదివించి చెడగొట్టానని అనుకోకు. ఇది ముందు నుంచీ ఉంది. చదువుకున్నాను కాబట్టి పేరు దొరికింది, అంతే.

రెండుసార్లు పోస్టుడబ్బా దాకా వెళ్లి తిరిగొచ్చాను. ఈసారి వేసేస్తాను.

కొలత లేనిదే నువ్వు కత్తెర పెట్టవు. గుడ్డ అలాగే ఉండి ఉంటుంది. కోపం తగ్గాక దాన్ని నాకు కుట్టు. నా కొలతలు నీ నోటుపుస్తకంలో ఉన్నాయి. అవేమీ మారలేదు.

ఇట్లు,
నీ పెద్దది