షాహీన్ వాళ్ల నానీ చదివిన నాత్

శుక్రవారం, రాత్రి.

“ఇస్లాంలో కవిత్వానికి చోటు లేదు.” రేపటి డిబేట్‌లో నేను ఖండించవలసిన అభియోగం ఇది. ఖురాన్ కవులను మందలించిన చోటే విశ్వాసులైన కవులను మినహాయించిందని నిరూపించగలను. కానీ మనవడు ఇదే మాట అన్నాక, బోయిగూడలో నా స్నేహితురాలు షాహీన్ ‘నానీ’ అని పిలిచే వాళ్ల అమ్మమ్మ ప్రవక్తను కీర్తిస్తూ తాను రాసుకున్న నాత్‌లు చదవడం మానేసింది.

ఈ సాయంత్రం బతిమాలితే ఒకటి చదివింది. నేను చప్పట్లు కొట్టాను.

“గవి మీ కాలేజీల కొట్టు బిడ్డా,” అని నవ్వింది. “ఈడ నచ్చితే మళ్ల సదువుమంటరు.”

మళ్లీ చదవమని అడిగాను. సగంలో ఆగి, “నిజంగ తప్పు గాదు గదా?” అంది.

నా ఆధారాలన్నీ చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను గెలిస్తే మాత్రం ఆమె మళ్లీ చదువుతుందా...

రేపు ఆమెను ముందువరుసలో కూర్చోబెడతాను. చివర్లో ఇలా అంటాను: సభికులారా, చోటు లేదనే మీ తీర్పయితే, అది ఆమె ముఖం చూసి చెప్పండి.