కంపైలర్ గారికి ఆవకాయ

కూర్మన్నపాలెం

చిరంజీవి దేవిశ్రీకి నాన్న ఆశీస్సులు.

ఫోన్ చేస్తే "పనిలో ఉన్నాను నాన్నా" అని పెట్టేస్తున్నావు. అందుకే పక్కింటి రాధతో పంపే క్యారేజీలో ఈ ఉత్తరం పెడుతున్నాను. శనివారం ఉక్కు ప్లాంటులో నా చివరి షిఫ్టు. దండలేసి డప్పులతో ఇంటిదాకా తీసుకొస్తారు. పక్కన నువ్వు లేకపోతే నాకేం బాగోదు. వస్తావు కదూ?

ఇట్లు, నాన్న గంగరాజు

తా.క.: అడుగు గిన్నెలో నెత్తళ్ల చేపల కూర.

మధురవాడ

నాన్నకు నమస్కారాలు.

రావాలనే ఉంది. కానీ క్రేన్ల కంప్యూటర్‌కి మేం తిరిగి తయారుచేస్తున్న కెర్నెల్ తెమలడం లేదు. అది పాతకాలపు పని. కొత్త కంపైలర్ దగ్గర దాని ప్రతి లైనూ తప్పే. కంపైలర్ ఒప్పుకుంటే గానీ నేను కదల్లేను.

మీ దేవి

తా.క.: నెత్తళ్ల గిన్నె పక్క సీటు నాగవంశీ కడిగాడు. కడిగేముందు వేలితో నాకాడు.

కూర్మన్నపాలెం

తల్లీ దేవీ,

కంపైలర్ గారి సంగతి యూనియన్‌లో పెట్టాను. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు పాతవాళ్ల పనికి వంకలు పెట్టడం మాకూ తెలుసు. ముందు మంచిగా అడగమన్నారు. ఆవకాయ సీసా పంపుతున్నాను, ఆయనకివ్వు. మెత్తబడకపోతే మీ గేటు ముందు టెంటు వేస్తాం.

నాన్న

తా.క.: పాపం, కెర్నెల్ గారికి ఇంకా ఎన్నేళ్ల సర్వీసుంది?

మధురవాడ

నాన్నా,

టెంటు వద్దు! ఇద్దరూ మనుషులు కారు. కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రాం కెర్నెల్. దాన్ని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రాం కంపైలర్. ఆ కాలం నాటి పాత కంపైలర్ దొరికితే పని అయిపోతుంది. దొరక్కపోతే శనివారం రాలేను. ఏడుపొస్తోంది నాన్నా.

దేవి

తా.క.: ఆవకాయ నాగవంశీ తినేశాడు. పాత కంపైలర్‌ని తనే వెతుకుతానన్నాడు.

కూర్మన్నపాలెం

తల్లీ దేవీ,

నువ్వు ఆయన మనిషి కాదన్నావు గానీ, ఈ పొద్దున్న కంపైలర్ గారు మనింటికే వచ్చారు. చేతిలో కడిగిన సీసా.

"ఆయ్, కంపైలర్ గారి ఆవకాయ తినేసింది నేనేనండి" అన్నాడు.

"అయితే మా అమ్మిని ఏటికి ఏడిపిత్తన్నావు బాబూ?" అన్నాను.

"పాతది దొరికిందండి. కెర్నెల్ తయారైపోయిందండి. శనివారం తనని బండి మీద నేనే తీసుకొస్తానండి. ఆ తర్వాత కూడా..." అని నీళ్లు నమిలాడు.

"ఏటో సెప్పు బాబూ, నానేటీ అనుకోను."

"ఆ తర్వాత కూడా ఎప్పుడూ నేనే తీసుకొస్తానండి" అని సీసా మూత తిప్పుతూ నిలబడ్డాడు. నాకు కళ్లు చెమర్చాయి. సీసా మళ్లీ నింపి ఇచ్చాను.

ఇద్దరూ రండి.

నాన్న

తా.క.: నీకూ ఇష్టమేనా? కాకపోతే చెప్పు తల్లీ. టెంటు సిద్ధంగానే ఉంది.