యానాం నంబరు కారు

మండపేట, మంగళవారం రాత్రి

పొద్దున్న కారులో యానాం వెళ్లినవాణ్ణి సాయంత్రం బస్సులో తిరిగొచ్చాను. అన్నం సయించలేదు.

ఆ కారు కొన్నది నేను. యానాంలో టాక్సు తక్కువని, అక్కడుండే బావగారి పేరున రిజిస్టర్ చేయించాను. ఈ చుట్టుపక్కల చాలామంది చేసే పనే. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పటికైనా ఆర్‌సీ నా పేరుకి మార్పించుకుందామని చెల్లి సంతకం కోసం వెళ్లాను.

పద్మ కాఫీ ఇచ్చి కాగితాలు చూసింది. "మా కారు నీ పేరుకి ఎందుకు అన్నయ్యా?" అని అడిగింది.

వేళాకోళం అనుకున్నాను. కాదు.

"మీ అన్నయ్య ఇబ్బందుల్లో ఉన్నాడు, కొన్నాళ్లు మన కారు వాడుకోనీ అన్నారు మా ఆయన. ఇన్నాళ్లూ నేనేమైనా అడిగానా? ఇప్పుడు అమ్మాయి కాలేజీకి తిరగాలి. తాళాలు ఇచ్చి వెళ్లు."

కొన్నది నేనేనని చెప్పాను. "పోయిన మనిషి మీద అబద్ధాలాడకు అన్నయ్యా" అని ఏడ్చింది. తాళాలు బల్ల మీద పెట్టి లేచాను. బావగారు తనకి అలా ఎందుకు చెప్పారో ఇక ఎవర్ని అడగను?

కారు మెకానిక్ షెడ్డులో ఉందని నా భార్య రమతో అన్నాను. రేపు తనకి ఏం చెప్పాలో...

మా ఇంటికి వచ్చినప్పుడల్లా పద్మ కారు చుట్టూ ఒకసారి తిరిగి, తలుపుల మీద చెయ్యి వేసి చూసేది. అన్న కారని మురిసిపోతోంది అనుకునేవాణ్ణి. తన కారుకి గీతలేమైనా పడ్డాయేమోనని చూసుకునేది.