బాల్కనీ తలుపుకు కొత్త లాక్

డేవిడ్,

నిన్న నీ మొదటి జ్ఞాపకార్థ ప్రార్థన. చర్చి సంఘం వాళ్లతో హాలు నిండిపోయింది. ఉక్కపోతగా ఉందని ఎవరో బాల్కనీ అద్దం తలుపు తీయమన్నారు. లాక్ విరిగినప్పటి నుంచి అది ఇరుక్కుపోతూనే ఉంది కదా. "నువ్వు ముట్టకు, అద్దం పగుల్తది, నేను తీస్తా" అనేవాడివి. నువ్వు పోయాక దాన్ని నేను ముట్టనే లేదు.

బొల్లారం నుంచి వచ్చిన మీ అక్క లేచి, తలుపును రెండు చేతులతో కాస్త పైకెత్తి, మోకాలితో నెట్టింది. సులువుగా పక్కకు జరిగిపోయింది.

"మీకెట్ల తెలుసు వదినా?"

"తమ్ముడే చూపించిండు. నీకు చూపియ్యలేదా ఏందీ? ఏం సంసారం జేసిన్రే మీరు!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ప్రతిసారీ నేను నిన్నే పిలవాలని నాకు చూపించలేదా? లేక నా చేతుల మీద నమ్మకం లేకనా? మొదటిదే అనుకోవాలని ఉంది, కానీ తేల్చుకోలేకపోతున్నాను.

ఈ ఉదయం మనిషిని పిలిపించి కొత్త లాక్ వేయించాను. ఇప్పుడు వేలితో తోస్తే చాలు. వదినకు ఫోన్‌లో చెప్పాను.

"అయ్యో, మంచిగనే వస్తుండె గదనే! ఎందుకు మార్చినవ్?"

"ఇరుక్కుంటోంది కదా" అన్నాను.

నాకు నేర్పని నీ కిటుకు ఆమెకూ పనికిరాకుండా పోవాలని మార్చాను. అది నీకొక్కడికే చెబుతున్నాను.