కబడ్డీ గీతైన రబ్బరు గొట్టం

ఇంజనీరు గారికి,

బండ్లను లెక్కించే పెట్టెకు వైర్లు తప్పుగా కలిపానని మీరు పంపిన మెమో అందింది. ఇది మూడోది. రాస్తారోకో నాడు ఒక్క బండీ కదలని కురవి రోడ్డు మీద పదకొండు వందల బండ్లు ఎలా వచ్చాయని అడిగారు. మూడుసార్లూ వైర్లన్నీ విప్పి చూశాను. తప్పేమీ లేదు.

ఆ రోజు తెలంగాణ కోసం జనం రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. అన్నం ఉడికేలోపు కబడ్డీ మొదలైంది. పెట్టెకు కలిపి రోడ్డుకు అడ్డంగా నేను బిగించిన రబ్బరు గొట్టమే వాళ్లకు నడిమి గీత. దాన్ని గట్టిగా ఎవరు తొక్కినా పెట్టె బండిగానే లెక్కేస్తుంది. తొక్కొద్దని బతిమాలాను. వంట చేస్తున్న కాళి అనే తండా ఆమె గరిటె ఊపుతూ, "రోజూ బండ్లనే లెక్కవెడ్తది గద సారూ, ఇయ్యాల జర మమ్ముల గూడ లెక్కవెట్టనియ్" అంది.

పెట్టె చెడిపోయిందని రాసి సున్నా వేయమంటున్నారు. అది చెడిపోలేదు, నేను వేయను. మీ ఫారంలో మనుషులకు గడే లేదు. వాళ్లను ఎక్కడ రాయాలో మీరే చెప్పండి.

ఇంకో మాట. ఒక జట్టుకు మనిషి తక్కువైందని పిలిస్తే నేనూ దిగాను. ఆ పదకొండు వందల్లో నా అడుగులూ ఉన్నాయి.

మహబూబాబాద్ నుంచి,
ఆ గొట్టం బిగించినవాడు