గుణానికి డెబ్బై మార్కులు

జనవరి 5, సోమవారం. ఉదయం 6:10

కొత్త డైరీ. కొత్త సంవత్సరం. కొత్త రాయిస్ టీగ్!

పదిహేనేళ్ళుగా టోలివర్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి కుర్రాళ్ళని వెతికి తెచ్చే పని నాది. మిసిసిపీలో నేను తొక్కని స్కూలు మైదానం లేదు. ఇన్నాళ్ళూ ఒకటే చూశాను: ఎంత వేగంగా పరిగెడతాడు, ఎంత దూరం విసురుతాడు. ఫలితం నవంబరులో తెలిసింది. నేను చప్పట్లు కొట్టి మరీ తెచ్చిన మా క్వార్టర్‌బ్యాక్, చేత్తో బంతి విసిరి ఆట మొత్తం నడిపేవాడు, సాక్స్ సైజు తప్పిచ్చాడని, మా బట్టలుతికే ఆల్టన్ దవడ విరగ్గొట్టాడు. ఆల్టన్‌కి అరవై రెండేళ్ళు. ఆరు వారాలుగా గొట్టంతో సూప్ తాగుతున్నాడు. క్వార్టర్‌బ్యాక్‌ని పంపేశాం. పన్నెండు మ్యాచుల్లో మూడు గెలిచాం.

నిన్న ఆల్టన్ ఇంటికెళ్ళి మాటిచ్చాను. "ఇంకెప్పుడూ అలాంటివాణ్ణి తీసుకురాను." అతను మాట్లాడలేడు కదా, కాగితం మీద రాసిచ్చాడు: "సరే, చూద్దాం."

చూడు ఆల్టన్, చూడు!

ఈ ఏడాది నియమం: ముందు గుణం, తర్వాతే ఆట. నూటికి గుణానికి డెబ్బై మార్కులు, ఆటకి ముప్పై. ఎవరు చెప్పినా మార్చేది లేదు. ఫ్రిజ్ మీద అంటించాను.

నాడీన్ చదివింది. మా ఆవిడ పెదవి విరవడంలో దిట్ట. "పెన్సిల్‌తో రాశావేం?" అంది.

పెన్ను దొరకలేదు. అంతే!

జనవరి 7, బుధవారం

హెడ్ కోచ్ వాన్స్ హాలిస్‌కి నియమం వివరించాను. కుర్చీలో వెనక్కి వాలి శ్రద్ధగా విన్నాడు.

"గుణమా? మంచిదే టీగ్. నలభై గజాలు ఎన్ని సెకన్లలో పరిగెడుతుంది?"

నవ్వలేదు నేను.

"ఒక్క సీటే మిగిలింది" అన్నాడు. "క్వార్టర్‌బ్యాక్ కావాలి. ఫిబ్రవరి 4న కుర్రాళ్ళు ఏ కాలేజీలో చేరేదీ సంతకాలు పెట్టేస్తారు. వచ్చే ఏడు కూడా మూడే గెలిస్తే నువ్వూ నేనూ ట్రాక్టర్లమ్ముకోవాలి. నీకు ట్రాక్టర్ల గురించి తెలుసా?"

"తెలీదు."

"నాకూ తెలీదు. అందుకే గెలుద్దాం."

జనవరి 9, శుక్రవారం

నా కొత్త పద్ధతి అద్భుతం! కుర్రాడి గుణం వాడి కోచ్‌ని అడగను. పాస్టర్‌నీ అడగను. ఎవరూ అడగని వాళ్ళని అడుగుతాను.

ఈరోజు పైన్ స్ప్రింగ్ స్కూల్ బస్సు డ్రైవర్ని అడిగాను, వెండెల్ స్పైవీ గురించి.

"మ్యాచ్ అయ్యాక అందరూ దిగిపోతారు సార్. వీడు ఆగి సీట్ల కింద చెత్త ఏరతాడు. ఓడినా ఏరతాడు, గెలిచినా ఏరతాడు. పుట్టుకతోనే ముసలాడేమో అనుకుంటాను."

గుణం: డెబ్బైకి 68. (రెండు తగ్గించాను. నేను కఠినుణ్ణి.)

ఆట: ముప్పైకి 14. బంతి చక్కగానే విసురుతాడు. పరుగే... నలభై గజాలకి స్టాప్‌వాచ్ అక్కర్లేదు, క్యాలెండర్ చాలు.

మొత్తం 82. దొరికాడు!!

జనవరి 13, మంగళవారం. సాయంత్రం 5:30

వెండెల్‌ని పెంచింది అమ్మమ్మ, మిస్ ఒడెస్సా. వాళ్ళింటికెళ్ళాను. బటర్ బీన్స్, మొక్కజొన్న రొట్టె, వేయించిన క్యాట్‌ఫిష్. రెండుసార్లు వడ్డించుకున్నాను. మూడోసారి ఆవిడే వడ్డించింది.

"కోచ్ నాయనా, మాకు ఇంకో కాలేజీ నుంచి కూడా ఫోన్ వచ్చింది. చిన్నది. ఏం చెప్పమంటారు వాళ్ళకి?"

"వద్దని చెప్పండమ్మా. సీటు మీ వాడిదే."

"ఖాయమేనా?"

"ఖాయం. నా మాట."

ఆవిడ చెయ్యి తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "వీడికి ఆట చాలదని చెప్పండి, తట్టుకుంటాం. ఆశపెట్టి వదిలెయ్యకండి."

వెండెల్ లేచి నిలబడి "థాంక్యూ సర్" అన్నాడు. తర్వాత నా ప్లేటు కూడా కడిగాడు. 69 వెయ్యాల్సింది.

ఇంటికొస్తూ కారులో పాడాను. చాలా ఏళ్ళయింది పాడి.

జనవరి 16, శుక్రవారం

హాలిస్ ఒక వీడియో పంపాడు. బ్రాక్స్‌టన్ లాడ్నర్. తీరప్రాంతంలో దంతవైద్యుడి కొడుకు. ఏదో పెద్ద కాలేజీ వీణ్ణి తీసుకుందామని చివరి నిమిషంలో మానేసిందట. ఎందుకు మానేసిందో ఎవరూ చెప్పరు. ఎవరూ చెప్పడం లేదంటే అర్థం కాదా నాకు?

నేను చూడను. సీటు నిండింది.

11:15 - ఒక్కసారి చూశాను, మర్యాదకి.

11:40 - అరవై గజాలు విసిరాడు. పరిగెడుతూ. ఎడమవైపుకి.

12:20 - భోజనం మర్చిపోయాను.

నాడీన్ ఫోన్ చేస్తే "పనిలో ఉన్నా" అన్నాను. "ఏ పని?" అంది. "పోల్చి చూసుకుంటున్నా" అన్నాను. "ఒక్కడేగా ఉన్నాడు, ఎవరితో పోలుస్తున్నావ్?" అంది.

జనవరి 20, మంగళవారం

లాడ్నర్ స్కూలుకి వెళ్ళాను. తీసుకుందామని కాదు. వెండెల్‌కి న్యాయం చెయ్యాలంటే రెండోవాణ్ణి కూడా చూసి కాదనాలి కదా.

క్యాంటీన్‌లో వడ్డించే మిస్ అర్లీన్‌ని అడిగాను.

"ఎవరూ, బ్రాక్స్‌టనా?" గరిటె పక్కన పెట్టింది. పక్కన పెట్టిందంటేనే తెలిసింది, చాలా చెప్పబోతోందని. "తిన్న ట్రే ఒక్కనాడూ తియ్యడు సార్. పక్క బల్ల మీది పిల్లల మీదికి విసురుతాడు."

"ఎంత దూరం?"

"ఏంటి?"

"ఏం లేదు. చెప్పండి."

"శుక్రవారం అంత దూరాన కూర్చున్న పిల్లాడి నెత్తిన కొట్టాడు. పిల్లాడు ఏడుస్తుంటే వీడు చేతులు పైకెత్తి గెంతాడు."

ఆ బల్ల దాకా నడిచి చూశాను. పదకొండు అంగలు... గజాల్లో లెక్కేస్తే పెద్ద దూరమేం కాదు. కానీ ట్రే. గుండ్రంగా కూడా ఉండదు.

గుణం: డెబ్బైకి 11. ఆట: ముప్పైకి 30. మొత్తం 41. వెండెల్‌కి 82. సగం! ఇంకేం ఆలోచించాలి?

తిరుగు ప్రయాణంలో రెండు గంటలు ఆలోచించాను.

జనవరి 22, గురువారం

డెబ్బై-ముప్పై కొంచెం అతి అయిందేమో. నేనేమన్నా చర్చికి పాస్టర్ని వెతుకుతున్నానా?

సమంగా పెడితే న్యాయం. యాభై-యాభై. లెక్క: వెండెల్ 72, లాడ్నర్ 58. చూశారా, అప్పుడు కూడా వెండెలే! నా నిజాయితీకి నాకే ముచ్చటేసింది.

ఊరికే, సరదాకి, ముప్పై-డెబ్బై వేసి చూశాను. లాడ్నర్ 75. వెండెల్ 62.

ఊరికే.

జనవరి 24, శనివారం

ఫ్రిజ్ మీది కాగితంలో అంకెలు సరిచేశాను. నాడీన్ చూసింది. పెన్సిల్ గురించి మాట్లాడలేదు. అదే ఎక్కువ బాధ.

జనవరి 27, మంగళవారం

హాలిస్, నేనూ కలిసి లాడ్నర్ల ఇంటికి వెళ్ళాం. తెల్ల సోఫాలు. అందరికీ మంచి పళ్ళు. కుర్రాడు ఫోన్‌లోంచి తలెత్తలేదు.

"ఏడో నంబరు జెర్సీ కావాలి."

"అది మా సీనియర్ది" అన్నాను.

"అయితే?"

"ఇచ్చేద్దాం బాబూ" అన్నాడు హాలిస్. ఏడో నంబరు కుర్రాడు మూడేళ్ళుగా మోకాలికి కట్టుతో ఆడుతున్నాడు. వాణ్ణి అడగాలని కూడా అనిపించలేదు మా ఇద్దరికీ.

ధైర్యం చేసి ట్రే సంగతి ఎత్తాను.

"ఏ ట్రే? చాలా విసిరాను" అన్నాడు బ్రాక్స్‌టన్.

వాళ్ళ నాన్న గర్వంగా నవ్వాడు. "మావాడిది నాయకత్వ లక్షణం, కోచ్ గారూ. ఎవరికీ భయపడడు."

కారులో హాలిస్ "ఎలా ఉంది నీ గుణం?" అన్నాడు.

"అబద్ధం ఆడలేదు కదా" అన్నాను. "నిజాయితీ ఉంది."

ఈ మాట నేనే అన్నాను. చదువుకుంటే చేతిరాత కూడా నాదే.

జనవరి 29, గురువారం. మధ్యాహ్నం 3:20

చాలామంది కోచ్‌లు ఇలాంటివి ఫోన్‌లో మెసేజ్ పెట్టి ఊరుకుంటారు. నేను మనిషిని. స్వయంగా వెళ్ళాను. స్కూలు వదిలాక కార్ల దగ్గర పట్టుకున్నాను వెండెల్‌ని.

జట్టు అవసరాలు మారాయని చెప్పాను. "అవసరాలు" అని నాలుగుసార్లు అన్నాను.

వాడు బ్యాగు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"ఆట చాలలేదా సర్?"

"అదేం కాదు బాబూ..."

"చాలలేదని చెప్తే అమ్మమ్మకి చెప్పడం సులువు సర్."

చాలలేదని చెప్పాను.

"సరే సర్. మీరే వచ్చి చెప్పారు. థాంక్యూ." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "ఇంటికి మాత్రం రాకండి సర్, నేను చెప్తాను. మీ కాలేజీ టోపీ కొనుక్కుంది, ఆదివారం చర్చికి పెట్టుకెళ్ళింది. అందుకని."

ఈరోజు మార్కులేం లేవు.

ఫిబ్రవరి 2, సోమవారం

ఆల్టన్ పనిలోకి వచ్చాడు. దవడ కొంచెం పక్కకి ఉంది, మాట వస్తోంది. రాకపోయినా బాగుండేది.

"గోడ మీద కొత్త కుర్రాడి పేరు చూశాను కోచ్."

"అవును. మంచి... చెయ్యి ఉంది."

"పాతవాడికీ ఉండేది, నాకు తెలుసు." ఉతికిన తువ్వాళ్ళు మడత పెట్టుకుంటూ అన్నాడు. "వీడి సాక్స్ సైజెంతో ఇప్పుడే చెప్పండి. ఈసారి తప్పు జరక్కూడదు."

ఏ నిష్ఠూరమూ లేదు గొంతులో. నిజంగానే అడిగాడు. కాగితం, పెన్నూ తీశాడు కూడా.

పదమూడు అని చెప్పి వచ్చేశాను.

ఫిబ్రవరి 4, బుధవారం. సంతకాల రోజు!

9:30 - ఆఫీసులో అందరం. మెత్తటి బిస్కెట్ రొట్టెలు, సాసేజ్ గ్రేవీ. ఏడో నంబరు వేసిన కేకు.

10:00 - లాడ్నర్ ప్రత్యక్ష ప్రసారం. వాడి ముందు బల్ల మీద మూడు కాలేజీల టోపీలు, ఏది పెట్టుకుంటే ఆ కాలేజీకే. మనది మధ్యలో.

10:04 - మన టోపీ తీశాడు! పెట్టుకున్నాడు!! హాలిస్ నన్ను కౌగిలించుకున్నాడు!!!

10:05 - తీశాడు. వెనక్కి విసిరేశాడు. ఇంకో టోపీ పెట్టుకున్నాడు. వాళ్ళ నాన్న నవ్వుతున్నాడు. నాయకత్వ లక్షణం.

10:06 - కేకు ఎవరూ కోయలేదు.

10:25 - హాలిస్ గొంతు సవరించుకున్నాడు. "ఆ మంచి కుర్రాడు... స్పెన్సరో ఎవరో. వాడి అడ్రసుందా?"

"స్పైవీ."

"వాడే. నాకెప్పుడూ నచ్చాడు వాడు."

12:40 - మిస్ ఒడెస్సా వరండా. వెండెల్ ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. ఆ చిన్న కాలేజీ వాళ్ళు మళ్ళీ అడిగారట. సోమవారమే ఒప్పుకున్నాడట. వాళ్ళ కోచ్ కాగితాలతో మూడింటికి వస్తున్నాడు.

గడియారం చూసుకున్నాను. చూసుకోవడం ఆవిడ చూసింది.

"ఇంకా సంతకం కాలేదు కదమ్మా" అన్నాను. "మా సీటు ఖాళీగా ఉంది. పెద్ద కాలేజీ. వాళ్ళకి ఒక్క ఫోన్ చేస్తే చాలు."

"ఫోన్ చేసి?"

"అవసరాలు మారాయని..."

అక్కడ ఆగిపోయాను.

వెండెల్ వాళ్ళ అమ్మమ్మ వైపు చూడలేదు. నా వైపే చూశాడు, ఏ కోపమూ లేకుండా. కోప్పడితే ఎంత బాగుండేది.

"సోమవారం వాళ్ళకి సరే అన్నాను సర్. ఇప్పుడు కాదని మీ దగ్గరికొస్తే, మీరు మొదట వెతుక్కుంటూ వచ్చిన కుర్రాణ్ణి నేను కాదు కదా సర్."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. గుర్తున్నా రాసేవాణ్ణి కాదు.

మిస్ ఒడెస్సా లోపలికెళ్ళి, రేకు కాగితం చుట్టిన ప్లేటు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఈ ఇంటి నుంచి ఎవర్నీ ఖాళీ కడుపుతో పంపను. కూర్చోమని మాత్రం అనను నాయనా. మూడింటికి చుట్టాలొస్తున్నారు."

చర్చి దగ్గర కారు ఆపుకుని తిన్నాను. బటర్ బీన్స్ చల్లారిపోయాయి. అంతా తిన్నాను. ఎదురుగా ఆ చిన్న కాలేజీ కోచ్ కారు వెళ్ళింది. పాతది, ఒకవైపు లైటు లేదు. అద్దంలో టై సరిచేసుకుంటున్నాడు.

ఫిబ్రవరి 5, గురువారం

నాడీన్ అడిగింది. మొత్తం చెప్పాను. అంకెలు కూడా.

"వాడికి నువ్వెన్ని మార్కులేశావ్?"

"అరవై ఎనిమిది."

"నీకు?"

చెత్త బయట పెట్టాలని గుర్తొచ్చి లేచాను. ఈరోజు చెత్త రోజు కాదు.

ఫిబ్రవరి 9, సోమవారం. ఉదయం 6:05

వచ్చే ఏడాది కుర్రాళ్ళ వెతుకులాట ఈరోజు నుంచే!

నేర్చుకున్నాను. నిజంగా నేర్చుకున్నాను. ఈసారి గుణానికి ఎనభై. ఆటకి ఇరవై. పెన్నుతో రాశాను. నాడీన్ చదివి, పెన్ను మూత పెట్టింది.

మధ్యాహ్నం 2:15 - మొదటి స్కూలు. పదహారేళ్ళ కుర్రాడు, మూడువందల పది పౌండ్లు. తలుపులోంచి పక్కకి తిరిగి వస్తాడు. చూసి నా గుండె ఆగింది. వెంటనే మనసు ఆపుకున్నాను. ముందు గుణం!

నేల తుడిచే ఆయన్ని అడిగాను.

"వాడా? అక్టోబరులో రెఫరీ చెయ్యి కొరికాడు సార్."

డైరీ మూసేశాను. లేచాను. కారు దాకా వెళ్ళాను. తాళం తీశాను.

వెనక్కొచ్చి అడిగాను, ఎంతసేపు కొరికాడని.

ఎంతోసేపు కాదు, వాళ్ళ కోచ్ వదలమనగానే వదిలేశాడట. ఒక్క మాటకే. ఈ కాలంలో ఇంత విధేయత ఎక్కడ దొరుకుతుంది?